యాత్రా బస్సులో బ్యాటరీ తీగల రక్షణ

బ్యాటరీని గూర్చియు, దాని తీగలను గూర్చియు ముసలివారితో మాటాడుటేమని మీలో కొందరు నవ్వుకొందురేమో. అది కుర్రవారి పని, మెకానిక్కుల పని యని మనము తలంతుము. నేనును అట్లే తలచితిని. కాని నేడు మన పల్లెలనుండి కాశికిని, రామేశ్వరమునకును, పూరికిని పోవు బస్సులలో రాత్రులయందు నిద్రించువారు ఎక్కువగా మన వయస్సువారే. బస్సు మాటాడువారమును మనమే. తలకింత యని సొమ్ము పోగుచేయువారమును మనమే. కావున ఆ బస్సులో మన మంచముక్రింద ఏమి యున్నదో మనము చూచుకొనుట న్యాయము.

నేను విద్యుచ్ఛాఖలో 31 సంవత్సరములు పనిచేసి లైను ఇన్‌స్పెక్టరుగా విశ్రాంతి పొందితిని. 11,000 వోల్టుల తీగలక్రింద బ్రదికినవాడను. అందుచే 12 వోల్టుల బ్యాటరీ నా కంటికి ఆటవస్తువువలె కనబడెను. రెండు చేతులతో దాని రెండు కొనలను పట్టుకొన్నను ఏమియు కాదు గదా యని నా ధైర్యము. ఆ ధైర్యమే మమ్ము ముంచవలసినది.

2018వ సంవత్సరమున మా ఊరి పెద్దలము కొందరము చేరి, ఒక పాఠశాలవారు అమ్మివేసిన పాత బస్సును కొంటిమి. సగము సీట్లు తీసివేసి చెక్కబల్లలు పఱపించితిమి. వెనుకవైపున వంటసామాను అర, నీళ్ల డ్రమ్ము అమర్చితిమి. వాహనపు స్వరూపమును మార్చుటకు, 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 52వ సెక్షను ప్రకారము, రిజిస్టరు చేసిన అధికారి అనుమతి కావలెను. అదియు పొందితిమి. మాలో ముగ్గురు ఇన్సులిను సూదిమందు వేసికొనువారు. క్రొత్త సీసాలను 2 మొదలు 8 డిగ్రీల చల్లదనములో దాచవలెను. దానికొక చిన్న ఫ్రిజ్జు, నాలుగు ఫ్యానులు, సెల్‌ఫోనులకు కరెంటు, ఉదయమున పచ్చడికొక మిక్సీ. వీనికొఱకు ఇండ్లలో వాడునట్టి 150 ఆంపియర్-అవరుల బ్యాటరీని, 1000 వాట్టుల ఇన్వర్టరును తెచ్చితిమి. బ్యాటరీని వెనుక సీటుక్రింద పెట్టెలో నుంచితిమి. ఇన్వర్టరును నడిమి అలమరలో బిగించితిమి. రెంటికి నడుమ మూడు మీటర్ల కేబులు బస్సు నేలక్రిందుగా పోయెను. ఫ్యూజును ఇన్వర్టరు ప్రక్కన, కంటికెదురుగా, చేతికందునట్లు పెట్టించితిని. తీగ వేసిన కుర్రవాడు మాత్రము ‘‘బ్యాటరీ దగ్గర పెట్టొద్దా అండీ?’’ అని అడిగెను. ‘‘అక్కడ చీకటి, ఎవరు చూస్తారు?’’ అని నేనే కాదంటిని. కాబట్టి ఆ తప్పు అతనిది కాదు, నాది.

ఆ కార్తికమాసమున బయలుదేరితిమి. మూడవరాత్రి నాగపురము దాటి సివనీ పోవు అడవిబాటలో బస్సు పోవుచుండెను. పదునలుగురము నిద్రలో నుంటిమి. రెండుగంటలవేళ మా అక్కగారు నన్ను తట్టి లేపి, ‘‘తమ్ముడూ, ఏదో కమురు కంపు వస్తోందిరా’’ అనెను. వంటపొయ్యి ఆర్పినదే కదా యని నేను మరల కన్నుమూయబోతిని. ఆమె ఊరకుండక నేలపై చేయిపెట్టి చూచి, కెవ్వున వెనుకకు లాగుకొనెను. నేలచెక్క పెనమువలె కాలుచుండెను. చెక్కసందునుండి సన్నని పొగ వచ్చుచుండెను.

బస్సు నాపించితిమి. అందరిని దింపితిమి. మోకాళ్లనొప్పులవారిని ఇద్దరిని చేతులపై దింపవలసివచ్చెను. నేను ముందుగా పోయి ఇన్వర్టరు మీట కట్టివేసితిని. పొగ తగ్గలేదు. ఫ్యూజు చూచితిని, చెక్కుచెదరలేదు. ఫ్యూజు బాగుగానున్నది, తీగ కాలుచున్నది! 31 సంవత్సరముల అనుభవము ఆ నిమిషమున నాకు సున్నయయ్యెను. అప్పటికి తెలిసినది, బ్యాటరీకొనను ఊడదీసినగాని ఇది ఆగదని. డ్రైవరు, ‘‘బాబాయ్‌గారూ, పదమూడో నంబరు పానా ఎక్కడ పెట్టారండీ?’’ అని కేకవేసెను. పానా సామానుపెట్టె అడుగున, బియ్యపుమూట క్రింద నుండెను. అది దొరకుటకు నాలుగైదు నిమిషములు పట్టినది. ఆ లోపల చెక్క అంటుకొననందుకు కారణము మా తెలివి కాదు. చివరకు గోనెపట్టా చేతికి చుట్టుకొని డ్రైవరు మైనసుకొన ఊడదీసెను. ఆతని అరచేతిపై బొబ్బలెక్కినవి.

తెల్లవారినపిమ్మట నేలచెక్క నెత్తి చూచితిమి. ఇనుపరేకులో తీగపోవుటకు చేసిన రంధ్రపు అంచు రంపపుపంటివలె నుండెను. వెయ్యి కిలోమీటర్ల దారిలో బస్సు అదరినపుడెల్ల తీగ ఆ అంచున రాచుకొని, పైతొడుగు తెగి, లోపలి రాగి ఇనుమును తాకినది. బ్యాటరీ మైనసుకొన బస్సు ఛాసీకి కట్టియున్నందున, బస్సు ఇనుమంతయు మైనసే. అనగా ఎఱ్ఱతీగ ఎచ్చట ఇనుమును తాకినను బ్యాటరీ రెండుకొనలు కలిపినట్లే. మా అదృష్టము, అది గట్టిగా నతుకుకొనక, అదరినపుడు తాకుచు, విడుచుచు నుండెను. గట్టిగా తాకియున్నచో నేనీదినమున మీతో మాటాడుచుండను.

ఫ్యూజు ఎందుకు పోలేదు? చెఱువును తలచుకొనుడు. తూమును ఎవరైన చెఱువుగట్టునందు కట్టుదురు గాని, పొలము మొదట కట్టుదురా? పొలము మొదట తలుపు పెట్టి, నడిమి కాలువకు గండిపడినచో ఆ తలుపు మూసి ఏమి ప్రయోజనము? చెఱువంతయు గండిలోనే పోవును. నేను చేసినది సరిగా ఇదియే. బ్యాటరీ చెఱువు, కేబులు కాలువ, ఇన్వర్టరు పొలము. నా తూము పొలము మొదట నుండెను. గండి దానికి పైన పడినది. ఫ్యూజు కాపాడవలసినది యంత్రమును కాదు, తీగను. యంత్రముల రక్షణ యంత్రముల లోపలనే యుండును. కావున ఫ్యూజు బ్యాటరీ ప్లస్సుకొన నుండి జానెడు దూరములోపల నుండవలెను. ఆ జానెడుతీగకు మాత్రము మఱియొక గట్టితొడుగు తొడుగవలెను, ఏలయన దానిని కాపాడు ఫ్యూజు లేదు.

12 వోల్టులు మనుష్యుని కొట్టదు గదా, ఇంత నిప్పెక్కడిది యని అడుగవచ్చును. మనుష్యుని కొట్టుట వోల్టుల పని. తీగను కాల్చుట ఆంపియర్ల పని. వాట్టులనగా వోల్టులను ఆంపియర్లతో హెచ్చించిన లెక్క. ఇంటిలో 230 వోల్టులపై 1000 వాట్టుల యంత్రము నాలుగు ఆంపియర్లకు కొంచెము పైగా లాగును. అదే 1000 వాట్టులు 12 వోల్టుల బ్యాటరీనుండి రావలెనన్న 83 ఆంపియర్లు కావలెను. ఇన్వర్టరు తాను తినునది కలిపినచో నూఱు. వేడిని గూర్చి 1840 ప్రాంతమున జూలు అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు కనుగొన్న నియమమొకటి కలదు: ప్రవాహము రెట్టింపైనచో వేడి నాలుగురెట్లగును, మూడురెట్లైనచో తొమ్మిదిరెట్లగును. అందుచే ఇంటితీగను చూచి బస్సుతీగను కొలువరాదు.

లెక్క చూడుడు. మూడుమీటర్ల దూరమునకు పోవుట, వచ్చుట కలిపి ఆఱుమీటర్ల రాగితీగ. ఆఱు చదరపు మిల్లీమీటర్ల తీగలో నూఱు ఆంపియర్లు పోయినచో తీగలోనే సుమారు 170 వాట్టులు వేడియై పోవును. 60 వాట్టుల పాతకాలపు గాజుబుడ్డిదీపములు మూడింటిని చెక్కక్రింద మూసిపెట్టినట్లు. అదే 35 చదరపు మిల్లీమీటర్ల కేబులైనచో 30 వాట్టులు. అదియు మూడుమీటర్ల పొడవునను పంచుకొనును. మామూలు పి.వి.సి. తొడుగు 70 డిగ్రీల వేడి వఱకే తట్టుకొనును. సన్నతీగ వేసి మిగిల్చిన డబ్బు ఎన్నిటికి సరిపోవునో మీరే యోచింపుడు. ఇన్వర్టరును బ్యాటరీకి దగ్గఱగా బిగించి కేబులును మీటరు పొడవులో ముగించుట అన్నిటికంటె చౌక. 24 వోల్టుల ఇన్వర్టరు తీసికొన్నచో ఆంపియర్లు సగమగును. మేము ఇప్పుడట్లే చేసితిమి.

ఇక తాకిడి పడినపుడు బ్యాటరీ ఎంత విడుచునో వినుడు. మన ఇండ్లలోని ఆ నల్లపెట్టె, రెండు కొనలు ఇనుముతో కలిపినచో వేయి ఆంపియర్లకు మించి ఒక్కసారిగా పాఱించును. పానా జారి అడ్డముపడినచో పానాయే ఎఱ్ఱబడును. చేతికి ఉంగరమున్నచో ఉంగరమే కొలిమిలో కాగిన ఇనుపముక్క యగును. పానా పిడికి టేపు చుట్టక, ఉంగరము, గడియారము తీయక బ్యాటరీమీద చేయి వేయరాదు. మైనసు నూడదీసిన తరువాతనే ప్లస్సు నూడదీయవలెను. బిగించునపుడు ప్లస్సు ముందు, మైనసు వెనుక. కారణము సులభము: మైనసు ముందు ఊడదీసినచో, తరువాత ప్లస్సు విప్పునపుడు పానా బస్సు ఇనుమును తాకినను దారి తెగియుండును.

ఫ్యూజు ఎంతటిది పెట్టవలెను? యంత్రము లాగు ప్రవాహముకంటె నాలుగవవంతు ఎక్కువ, తీగ ఓర్చుకొను దానికంటె తక్కువ. నూఱు ఆంపియర్లకు 125 ఆంపియర్ల ఫ్యూజు, 35 చదరపు మిల్లీమీటర్ల కేబులు. ఇందు రెండు సంగతులు. ఒకటి: ఇండ్లలోని కరెంటు బోర్డుకు బిగించు సామాన్యపు ఎం.సి.బి.ని బ్యాటరీతీగకు వాడరాదు. ఇంటి కరెంటు క్షణమునకు నూఱుమార్లు సున్నకు వచ్చిపోవును. కావున తెగినచోట నిప్పు తానై ఆఱును. బ్యాటరీ కరెంటు ఎప్పుడును సున్నకు రాదు. తెగినచోట నిప్పు వంతెనవలె నిలిచియుండును. ఫ్యూజు ఎంత ప్రవాహమును ఆపగలదో దానికొక అంకె యుండును. బోల్టులతో బిగించు మెగా ఫ్యూజును అడుగుడు. రెండవది మన ఊళ్ల పాపము. ఇంటి ఫ్యూజు మాటిమాటికి పోవుచున్నదని దానిలో లావు రాగితీగ చుట్టుట నేను ఉద్యోగములో వేయిచోట్ల చూచితిని, వేయిచోట్ల తిట్టితిని. బస్సులో క్లీనరు సిగరెట్టుపెట్టెలోని వెండికాగితము చుట్టి ‘‘అడ్జస్టు’’ చేసెనని తరువాత వినవచ్చును. అందుచే అదే అంకెగల ఫ్యూజులు రెండు అదనముగా పెట్టెమూతకు అంటించి యుంచుడు. దొరకనప్పుడే మనుష్యుడు అడ్డదారి త్రొక్కును.

తీగ పోవు దారినిగూర్చి కొంత విస్తరించి చెప్పెదను, ఏలయన మాకు ప్రాణముమీదికి వచ్చినది అచ్చటనే. ఇంటిగోడలోని తీగ ముప్పదియేండ్లు కదలదు. బస్సుతీగ పోవు ప్రతి గుంటకును కదలును. రేకులో రంధ్రము చేసిన వెంటనే ఆకురాయితో అంచు నునుపుచేసి, రబ్బరుకంటె తొడిగి, అటుపైన తీగ దూర్పవలెను. తీగ మొత్తమునకు ముడుతల ప్లాస్టికు గొట్టము తొడుగవలెను. జానెడున్నరకొక చోట క్లాంపు బిగింపవలెను. వ్రేలాడుతీగ ఊయలవలె ఊగి రాచుకొనును. పొగగొట్టమునకును, తిరుగు ఇరుసునకును, డీజిలు గొట్టమునకును దూరముగా పోవలెను. ముఖ్యముగా డీజిలు గొట్టముతో కలిపి టేపు చుట్టుట నేను కన్నులార చూచితిని. మఱి ఎలుకలు. యాత్రలేని ఆఱుమాసములు బస్సు కళ్లమువద్ద నిలిచియుండును. ధాన్యపువాసనకు వచ్చిన ఎలుక తీగతొడుగును కూడ రుచిచూడక పోదు. బయలుదేరుటకు వారముముందు నేలచెక్క నెత్తి, దీపము పట్టి, కొననుండి కొనవఱకు తీగను చేతితో తడిమి చూచుడు. ఇది అరగంట పని.

అతుకులు రెండవ అపాయము. తీగకొనను మెలిపెట్టి బోల్టుకు చుట్టినచో నెలరోజులలో వదులగును. వదులైనచోట అడ్డంకి పెరుగును, అడ్డంకియున్నచోట వేడి పుట్టును. రాగి లగ్గును పెద్దపట్టకారుతో నొక్కించి, స్ప్రింగు వాషరు వేసి బిగింపవలెను. లైనులు వేయు పనివారియొద్ద ఆ పట్టకారు ఉండును. సుత్తితో కొట్టి చదునుచేసినది నొక్కు కాదు.

బస్సులకు సాధారణముగా 24 వోల్టులు. 12 వోల్టుల బ్యాటరీలు రెండు వరుసగా కట్టియుండును. పాటలపెట్టెకొఱకు, ఫోనులకొఱకు ఆ రెంటిలో ఒకదానినుండి మాత్రము తీగ లాగుట మన మెక్కానిక్కులకు పరిపాటి. మేమును లాగితిమి. జోడెద్దులలో ఒకదానిచేత మాత్రమే రాత్రియెల్ల గానుగ త్రిప్పించి, ఉదయమున రెంటిని ఒకే కాడికి కట్టినట్లు అది. వాడబడిన బ్యాటరీ ఎప్పుడును నిండదు. వాడబడనిది నిండిన పిమ్మటను నింపబడి ఉడుకును. ఆఱుమాసములలో మా జత పాడయ్యెను. ఇంజను బ్యాటరీలు ఇంజనుకే. ఇంటిసామానుకు వేఱు బ్యాటరీ. ఇంజను తిరుగునపుడు ఇంటిబ్యాటరీ నింపుటకు తగిన ఛార్జరు నడుమ పెట్టుకొనవచ్చును. అప్పుడు ఆ కేబులుకు రెండుకొనలయందును ఫ్యూజులు కావలెను. రెండు చెఱువులను కలుపు కాలువకు రెండువైపుల తూములు లేకున్న ఏమగునో మీకు చెప్పనక్కఱలేదు.

1859లో ఫ్రాన్సులో గాస్తన్ ప్లాంతె చేసిన సీసపు బ్యాటరీయే నేటికిని మన ఇండ్లలో నున్నది. నిండునపుడు అది హైడ్రోజను వాయువును విడుచును. గాలిలో నూటికి నాలుగుపాళ్లు చేరినచో చిన్న నిప్పురవ్వకే ప్రేలును. అది గాలికంటె తేలిక, పైకి పోవును. కావున పెట్టెకు పైభాగమున గొట్టము పెట్టి బస్సు వెలుపలికి వదలవలెను. క్రిందనే కన్నములు చేసి ‘‘గాలి ఆడుచున్నది’’ అనుకొనరాదు. ఇన్వర్టరును అదే పెట్టెలో పెట్టరాదు. దాని మీటలో నిప్పురవ్వ పుట్టును. బ్యాటరీని పట్టీతో నేలకు బిగింపవలెను. బ్రేకు వేసినపుడు అరువది కిలోల పెట్టె ముందుకు రాగూడదు. లిథియము బ్యాటరీలు తేలిక, ఈ వాయువు బాధ మామూలుగా లేదు. కాని తాకిడి పడినపుడు అవి విడుచు ప్రవాహము మఱింత భయంకరము, ఫ్యూజు అంతకు తగినదై యుండవలెను.

ఇన్వర్టరు రెండవవైపున వచ్చునది ఇంటి కరెంటే. అది నిక్కముగా చంపును. రబ్బరు చక్రములపై నున్న ఇనుపబస్సును తడినేలపై నిలిచి ముట్టుకొనువాడు ముందు చచ్చును. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. పెట్టింపుడు. ఇన్వర్టరు న్యూట్రలును, ఛాసీని కలుపుట యను ఒక పని సరిగా చేసినగాని అది పనిచేయదు. కొన్ని ఇన్వర్టర్లకు ఆ కలుపుట పనికిరాదు. తయారుచేసినవారి పుస్తకము చూచి లైసెన్సుగల పనివానిచేతనే చేయింపుడు.

మంట పుట్టినచో? మనుష్యులు ముందు దిగవలెను. దిగుచుండగనే ఒకడు బ్యాటరీ తెంపవలెను. దానికి పానాతో పనిలేకుండ చేతితో త్రిప్పు స్విచ్చి నొకదానిని బ్యాటరీ ప్రక్కన బిగింపుడు. అది ఎచ్చటనున్నదో డ్రైవరునకు మాత్రమే కాక, ప్రయాణికులందఱకును బయలుదేరిననాడే చూపింపుడు. బ్యాటరీ తెగకముందు నీళ్లు పోయరాదు. పొడి చల్లు ఎఱ్ఱసీసా తలుపుప్రక్కన నుండవలెను, వంటపాత్రల వెనుక కాదు.

2019లో మరల బయలుదేరితిమి. ఈమారు ఫ్యూజు బ్యాటరీనుండి జానెడు దూరములో నున్నది. ఆగినచోటనెల్ల నేను పెట్టెమూత తెఱచి, ఉంగరము తీసి, లగ్గులప్రక్క తొడుగుపై వ్రేలు పెట్టి వేడి చూచితిని. జబలపురమువద్ద ఒకటి వెచ్చగా తగిలినది, వాషరు వదులైనది. స్విచ్చి త్రిప్పి, మైనసు తీసి, బిగించుటకు పది నిమిషములు పట్టెను. స్విచ్చి యున్నది గదా, పానా ఎందుకని డ్రైవరు అనెను గాని, మా అక్కగారు వినలేదు. పదమూడవ నంబరు పానాకు నిండుగా టేపు చుట్టించి, పెట్టెకు వెలుపల, తనసీటు ప్రక్కన, దారముతో కట్టించినది. అది ఇప్పటికిని అచ్చటనే యున్నది.